పెరట్లో రోళ్లకొండ

పోయిన నెల మా తమ్ముడి కూతురు కొత్తగా కొనుక్కున్న ఇల్లు చూడ్డానికి మద్రాసులోనే వేళచ్చేరి వెళ్లాను. గదులన్నీ తిప్పి చూపించి, చివరికి వెనక తలుపు తీసింది. కొత్త సున్నం కిందనుంచి కూడా కనబడుతున్న మట్టిచారను వేలితో చూపించింది. అది నా మోకాలి ఎత్తున ఉంది. "మునుపున్నోళ్లు చెప్పనేలేదు అత్తై. వానొస్తే నీళ్లు ఇంతదాకా నిలస్తాయంట. ఈడ ఏం పెట్టినా కుళ్లిపోతాది. నువ్వే చెప్పు, ఏం నాటేది?" అంది. నేను ఆలోచించకుండా "రాళ్లు నాటు" అన్నాను. "విళయాడాదే అత్తై" అని తమిళంలో విసుక్కుంది, ఆటలాడొద్దని. అంతే, నాకు నవ్వు మొదలైంది. గోడ పట్టుకుని నవ్వాను, మెట్టుమీద కూలబడి నవ్వాను. ఆ పిల్ల భయపడి మంచినీళ్లు తెచ్చింది. ఈ వయసులో అంత నవ్వు మంచిదో కాదో తెలియదు గానీ, నీళ్లు తాగాక దానికి మా పెరంబూరు పెరటి సంగతంతా చెప్పాను. ఇంటికొచ్చాక కూడా అది నన్ను వదల్లేదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మా ఇల్లు రైల్వే వర్క్‌షాపు గోడకి రెండు వీధుల ఇవతల ఉండేది. తాత చిన్నతనంలో వీధిలోంచి ఇంట్లోకి మెట్లెక్కి వచ్చేవారట. వీధికి కొత్త తారు పోసినప్పుడల్లా ఒక్కో మెట్టు మాయమైపోయి, నాకు ఊహ తెలిసేసరికి ఇంట్లోకి ఒక మెట్టు దిగాల్సి వచ్చేది. వీధి గుమ్మానికి అడ్డంగా తాత ఇటుకలతో చిన్న కట్ట కట్టాడు కాబట్టి నీళ్లు ముందునుంచి రాలేక, పక్కసందులోంచి పెరట్లోకి దిగేవి. దీపావళి టపాకాయల వాసన ఇంకా పోకముందే వాన పట్టుకునేది. అప్పుడు మా ఇంట్లో ఎవరి పని వాళ్లకి తెలుసు. నాయన మంచాల కోళ్లకింద ఇటుకలు పెట్టేవాడు. అమ్మ బియ్యం డబ్బాను అటకెక్కించేది. అవ్వ కుంపట్లో సాంబ్రాణి వేసి, దానిమీద వెదురుబుట్ట బోర్లించి, ఆరని బట్టల్ని దానిమీద పరిచేది. తడిసిన సున్నపు గోడ, కిరసనాయిలు, సాంబ్రాణి, ఫినాయిలు, వీటన్నిటినీ మించి వేడి డికాక్షను. ఆ వాసన కలగలుపు ఎక్కడైనా ముక్కుకి తగిలితే ఇప్పటికీ నాకు బడికి సెలవిచ్చినంత సంతోషం.

తాత వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరైనా, పొద్దున సైరను మోగగానే లేచి స్నానం చేసి, ఖాకీ చొక్కా తొడుక్కుని, కాఫీ తాగి, ఎక్కడికి పోవాలో తెలియక వాకిట్లో నిలబడేవాడు. కాసేపటికి ఇంట్లోకి వచ్చి ఏదో ఒకటి బాగుచేయడం మొదలుపెట్టేవాడు. చెడిపోయినవన్నీ ఆరునెలల్లోనే అయిపోయాయి. ఆ తర్వాత బాగున్నవాటిని విప్పాడు. బంగారంలాంటి కుళాయి ఆయన చేతిలో పడ్డాక కారడం మొదలుపెట్టింది. "మామా, మీకు దండం పెడతా, వంటింట్లో ఏదీ ముట్టుకోబాకండి. పెరట్లోకి పోండి. ఆడ మీ ఇష్టం" అంది మా అమ్మ. ఆయన తోటమాలి అయింది అట్లా. వంకాయలు వేశాడు, మునిగిపోయాయి. గులాబీలు పెట్టాడు, మునిగిపోయాయి. ఆఖరికి కుండీల్లో క్రోటన్లు పెంచాడు. ఎర్రవి, పచ్చవి, చుక్కలవి. రోజూ పొద్దున వాటి ఆకుల్ని తడిగుడ్డతో తుడిచేవాడు.

ఆ క్రోటన్ల వల్లే మా అవ్వ ఆయనతో మాట్లాడ్డం మానేసింది. ఆ ఏడు నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. పెరటి వసారాలో ఒక పక్క తాత కుండీలు, ఇంకో పక్క అవ్వ ఊరగాయ జాడీలు. అవ్వ లోపల దేవుడి పటాలు ఎత్తిపెడుతూ "ఆడ జాడీలు చూడయ్యా" అని కేకేసింది. తాత పరుగెత్తుకుంటూ పోయాడు. పోయి, కుండీలన్నీ ఒక్కొక్కటే మోసుకొచ్చి వంటింటి అరుగుమీద పెట్టాడు. ఆఖరి కుండీ పెట్టి రొప్పుతూ నిలబడేసరికి, ఆవకాయ జాడీ మా అందరి కళ్లముందే నీళ్లమీద తేలుతూ, బోటుక్లబ్బు పడవలా మెల్లగా తిరుగుతూ, వెనక ఎర్రటి నూనెచారను వదులుకుంటూ సందులోకి సాగిపోయింది. నాకూ తమ్ముడికీ అంత అందమైన దృశ్యం అంతకుముందు తెలియదు. చప్పట్లు కొట్టాం. అవ్వ మాత్రం చూసి, కొంగు బిగించి, లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు మొదలు ఆయనతో మాటల్లేవు.

అంటే మాటలుండేవి, నా ద్వారా. ఇద్దరూ ఒకే వసారాలో చేయి చాపితే అందేంత దూరంలో కూర్చుని, "పాపా, మీ తాతని అడుగు, కాఫీ కావాల్నా అని" అనేది అవ్వ. నేను అటు తిరిగి "కాఫీ కావాల్నా తాతా" అనేదాన్ని. "కావాలని చెప్పు. చక్కెర తగ్గించమను" అనేవాడు తాత. నేను ఇటు తిరిగేదాన్ని. మొదట్లో మాకు ఇది పెద్ద ఆటలా ఉండేది. కానీ నెలలు గడిచేకొద్దీ అందులో ఏదో బరువు చేరింది. తాత కాఫీ సగం తాగి పక్కన పెట్టేసేవాడు. సాయంత్రాలు వక్కాకు నములుతూ రేడియో వినే అవ్వ, రేడియో పెట్టడమే మానేసింది. ఒకరోజు అమ్మ నాయనతో మెల్లగా అంటుంటే విన్నాను: "పెరడంతా సిమెంటు వేయించేద్దాం. చెట్టూ వద్దు, కొట్లాటా వద్దు. బట్టలు ఉతుక్కునేదానికన్నా పనికొస్తాది." నాయన సరేనన్నాడు. తాతకి చెబితే క్రోటన్ల దగ్గరికి పోయి నిలబడ్డాడు. చాలాసేపటి తర్వాత వచ్చి, "ఈ ఒక్క వానాకాలం చూడండి. ఈసారీ మునిగితే మీరు చెప్పినట్టే చేద్దాం" అన్నాడు.

ఆయన మనసులో ఏముందో రెండు రోజుల తర్వాత తెలిసింది. ఉద్యోగంలో ఉండగా ఒకసారి పెద్దాఫీసరు బంగళాలో నీళ్ల మోటారు బాగుచేయడానికి వెళ్లాడట. ఆ తోటలో రాళ్లను గుట్టగా పేర్చి, సందుల్లో మొక్కలు పెట్టారట. "చెట్లు నీళ్లతో కొట్లాడలేవు పాపా. మనమే వాటిని మెట్టెక్కించాల" అన్నాడు, కళ్లు మెరుస్తుంటే. మాట బాగానే ఉంది, మద్రాసులో రాళ్లెక్కడివి? తవ్వితే బంకమన్ను, ఇంకా తవ్వితే ఇసక. కనబడే రాళ్లంటే రైలుపట్టాల కింద కంకరే. తాత అటువైపు ఒక్క చూపు చూశాడో లేదో, వర్క్‌షాపులో గుమాస్తా అయిన మా నాయన అన్నం పళ్లెం ముందునుంచి లేచి నిలబడ్డాడు. ఆఫీసు పెన్సిలు కూడా ఇంటికి తేని మనిషి. "నాయనా, ఇప్పుడే చెప్తుండా. పట్టాల కింద రాయి ఒక్కటి ఈ ఇంట్లోకొచ్చిందా, నేను బయటికి పోతా" అన్నాడు. తాత నొచ్చుకుని, "నీకు అన్నం పెట్టే రాళ్లని నేను ముడతానా?" అన్నాడు. కానీ నెలంతా ఆయన కొండకి ఒక్క రాయీ దొరకలేదు.

దారి చూపింది పక్కింటి కస్తూరక్క. వాళ్లింట్లో అప్పుడే కరెంటు గ్రైండరు కొన్నారు. ఆ రోజుల్లో వీధివీధికీ గ్రైండర్లు వస్తున్నాయి, సగం పగలు ఆడవాళ్లు కూలబడి పిండి రుబ్బే రోళ్లన్నీ మూలపడుతున్నాయి. వాటిని పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. రోలంటే ఇంటి లక్ష్మి, చెత్తకుప్పలో ఎలా పడేస్తారు? కస్తూరక్క గోడమీదనుంచి తల పెట్టి, "తాతా, మీకు రాయే కావాలంటే మా ఆట్టుకల్లు తీసుకుంటారా? వీధిలో పారేస్తే పావం" అంది. ఆట్టుకల్లంటే రుబ్బురోలే. తాత వెంటనే గోడ దూకేవాడే, నేను చొక్కా పట్టుకుని ఆపాను. ఆమె ఆ రోలును కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, కొంగుతో కళ్లొత్తుకుంటూ అత్తవారింటికి పిల్లను పంపినట్టు పంపింది. పెరటిగోడ ఒకటే అయినా వాళ్ల వాకిలి వీధి ఎగువ కొసన ఉండేది. తాత దాన్ని పక్కకి పడుకోబెట్టి దొర్లించుకుంటూ వీధిలోకి తెచ్చాడు. గుండ్రటి రాయి, వీధి కాస్త వాలు. అది ఆయన చేతిలోంచి తప్పించుకుని తనంతట తానే దొర్లడం మొదలుపెట్టింది. ముందు రోలు, దాని వెనక తాత, ఆయన వెనక నేను, నా వెనక తమ్ముడు, మా అందరి వెనక వీధికుక్కలు. పాలబ్బాయి సైకిలు వదిలేసి పక్కకి గెంతాడు. చివరికి అది మా ఇంటి ముందు తాత కట్టిన ఇటుకల కట్టకే కొట్టుకుని, ఇక్కడికే రావాలనుకున్నట్టు ఆగిపోయింది. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి నవ్వుతోంది. ఆ సాయంత్రానికి ఇంకా నాలుగిళ్ల వాళ్లు కబురు పంపారు.

తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో తిరునాళ్లే. రోళ్లు, పొత్రాలు, సన్నెకల్లులు, పగిలిన తిరగళ్లు, ఎవరింట్లోనో మెట్టుగా వాడిన బండ. ఇచ్చినవాళ్లంతా రోలెలా ఉందో చూసిపోదామని వచ్చేవాళ్లు. "ఇదో ఇది మా అత్తగారిది, దీన్ని కొంచెం ముందుపక్క పెట్టండి" అని తగువు పడేవాళ్లు. అందరికీ కాఫీలు ఇచ్చి ఇచ్చి అమ్మకి చిరాకొచ్చింది గానీ, మా వీధిలో అందరి కథలూ ఆమెకి తెలిసిపోయాయి. ఏ రోలు ఎవరి పెళ్లికి వచ్చిందో, ఏ సన్నెకల్లు తొక్కి ఎవరు కాపరానికి వచ్చారో.

తాత రాళ్లు పేర్చడం మాత్రం చూడలేకపోయేవాళ్లం. ఆయనకి తెలిసిందల్లా యంత్రాలు. దారం కట్టి, మట్టం పెట్టి, రోళ్లన్నిటినీ బండిచక్రాల్లా ఒకే వరసలో నిలబెట్టేవాడు. అవ్వది కాళహస్తి దగ్గర కొండకింది పల్లె. రాతిసందుల్లో ఆడుకుంటూ పెరిగిన మనిషి. వెనకమెట్టుమీద చిక్కుడుకాయలు ఒలుస్తూ ఇదంతా చూస్తూ ఉండేది. చూడనట్టు ఉండేది. ఆమె చేతిలో చిక్కుడుకాయలు మాత్రం నలిగిపోయేవి. ఒక మధ్యాహ్నం ఇంక ఆగలేక, "పాపా, మీ తాతకి చెప్పు, రాయిని కూర్చోబెట్టకూడదు, పడుకోబెట్టాల అని" అంది. నేను పరుగెత్తి చెప్పాను. "పడుకోబెడితే ఎత్తు రాదని చెప్పు." చెప్పాను. "మూడోవంతు మన్నులో పూడ్చకపోతే మొదటి వానకే దొర్లుతాదని చెప్పు." "నేను యాభై టన్నుల ఇంజన్ని నిలబెట్టినోణ్ణని చెప్పు." "ఇంజనుకి చెట్లు మొలవవని చెప్పు!" అటూ ఇటూ పరుగెత్తి నాకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. నవ్వూ ఎక్కిళ్లూ కలిసి మాట రాలేదు. నేలమీద పడి దొర్లుతున్నాను. సరిగ్గా అప్పుడు పైనున్న కస్తూరక్క రోలు కదిలింది. తాత చూసుకోలేదు.

"కాలు తియ్యయ్యా!"

అవ్వ గొంతే. చిక్కుడుకాయల చాట ఎటో ఎగిరిపోయింది. ఆమె మెట్టు దిగిందో ఎగిరిందో నాకు తెలియదు, తాత చేయి పట్టుకుని ఇవతలికి లాగేసింది. రోలు ధబ్బున ఆయన పాదం ఉన్నచోట పడి సగందాకా మన్నులో దిగబడింది. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఉన్నారు. తర్వాత అవ్వ మొదలుపెట్టింది. బుద్ధుందా నీకు, కళ్లున్నాయా, కాలు పోతే ఎవరు చేస్తారు, ఆకులు తుడిచే మగోణ్ణి లోకంలో ఎవరన్నా చూశారా, అన్ని జాడీలుంటే ఒక్క జాడీ ఎత్తలేకపోయావే, నేనేమైపోయినా నీకు క్రోటన్లుంటే చాలుగదా. ఏడాదిపాటు దాచిపెట్టుకున్నదంతా ఒక్క ఊపున వచ్చేసింది. తాత మట్టిచేతులతో అలాగే నిలబడి వింటున్నాడు. ఆయన మొహం తలంటు పోసుకున్న పిల్లాడి మొహంలా ఉంది. "ఇంకా తిట్టవే. ఎన్నాళ్లయింది నీ నోట నేరుగా విని" అన్నాడు. అవ్వ కిందపడ్డ రోలు వైపు చూసి, "చూడు, అది దానంతటదే పడుకునింది. ఇట్టా ఉండాల రాయంటే" అంది.

ఆ సాయంత్రమే పేర్చినదంతా పీకి మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి ఇద్దరూ కలిసి. అవ్వ చెప్పడం, తాత ఎత్తడం. రోళ్ల గుంటల్లో నీళ్లు నిలిస్తే దోమలొస్తాయని తాత ఉలితో అడుగున బొక్కలు కొట్టాడు. ఆ టకటకలకి వీధిలో పసిపిల్లలు నిద్రపోలేదు. గుంటల్లో పెంకుముక్కలూ ఇసకా నింపి అవ్వ మొక్కలు పెట్టింది. కలబంద, రణపాల, దగ్గుకి వేసే కర్పూరవల్లి, ఎవరి కుండీలోంచో తుంచుకొచ్చిన ముళ్లజెముడు, అన్నిటికంటే ఎక్కువగా టేబుల్‌రోజా. ఎండొస్తే విప్పుకుని మబ్బేస్తే ముడుచుకునే ఆ చిన్నపూల మొక్క పుల్ల గుచ్చితే చాలు బతుకుతుంది. ఎర్రవి, పసుపువి, తెల్లవి. తాత తన క్రోటన్లను కస్తూరక్కకి ఇచ్చేశాడు. ఎవరూ అడగలేదు, తనే ఇచ్చాడు. సాయంత్రం రేడియో మళ్లీ మోగింది.

ఇప్పుడు వానొస్తుందంటే రెండు రోజుల ముందే ఫోన్లు మోగుతాయి. మా అపార్ట్‌మెంటులో కార్లను తీసుకుపోయి వంతెనమీద వరసగా నిలబెడతారు. నేనుండేది మూడో అంతస్తు. నీళ్లు నాదాకా రావు, నేనూ వాటిదాకా పోను. కిటికీలోంచి చూస్తాను. కింద కారు పెట్టుకునే చోటంతా సిమెంటు, వాన వెలిశాక పంపులు పెట్టి తోడేస్తారు, సాయంత్రానికి ఏమీ జరగనట్టే ఉంటుంది. ఇదే సుఖమని నాకూ తెలుసు. ఆ పాత రోజుల్లో బురదలో అమ్మ పడ్డ పాట్లు తలుచుకుంటే, మళ్లీ కావాలని అనను. కానీ ఎదురు ఫ్లాటులో ఉండేవాళ్ల ఇంటిపేరు కూడా నాకు తెలియదు. మా పెరంబూరు తోట ఇల్లు అమ్మేదాకా ఉంది. ఇల్లు కొన్నవాళ్లు పునాదులు తవ్వుతుంటే రోలు వెంట రోలు బయటపడి, ఇదేదో పాత గుడి అనుకుని పని ఆపేసి పూజారిని పిలిచారట. ఆ కబురు విన్నప్పుడు తాతా అవ్వా లేరు. ఉండుంటే ఎంత నవ్వేవాళ్లో.

కొండ కట్టిన ఆ ఏడు వాన రానే వచ్చింది. ఆగకుండా కురిసింది. పెరట్లో నీళ్లు లేస్తుంటే మేమంతా వెనక తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాం. నీళ్లు కింది రోళ్లను ముంచాయి, కొండ నడుముదాకా వచ్చాయి, ఆగాయి. కొండ కదల్లేదు. తాత నాయన భుజం పట్టుకుని గట్టిగా ఊపేశాడు. అంతలో వెనకనుంచి అమ్మ కేక వినిపించింది. తిరిగి చూస్తే అమ్మ వంటింట్లో, చేతిలో గరిటె, చీలమండలదాకా నీళ్లు. మిగతా గదులకంటే ఎత్తు, ఎంత వానకీ నీళ్లు రాని వంటిల్లు అది. ఏం జరిగిందో ముందు తాతకే తట్టింది. పెరట్లో అన్నిటికంటే పల్లంగా ఉన్న మూల చూసి, అక్కడే ఎత్తు కావాలని కొండ కట్టారు. ఆ మూల పల్లంగా ఉన్నది అక్కడ తూముంది కాబట్టి. నీళ్లు బయటికి పోయే దారిమీదే ఊరందరి రోళ్లూ పెట్టేశారు. అంత తెలివైన అవ్వకీ, అంత లెక్కలు తెలిసిన నాయనకీ, ఎవరికీ తోచలేదు. తాత తల దించుకుని తూము మూలకేసి చూస్తూ నిలబడ్డాడు. అవ్వ ఆయన పక్కకి జరిగి నిలబడి, "నేనూ చూడలేదు, ఇద్దరం కలిసే పెట్టినాం" అంది, అమ్మవైపు చూస్తూ.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చి ఎండొచ్చింది. వంటింట్లో నీళ్లు ఇంకా ఉన్నాయి. అమ్మ రాత్రంతా ఎవరితోనూ ఒక్క మాటా అనలేదు. మేమందరం ఆ మాటకోసం బిక్కుబిక్కుమంటూ కాచుకున్నాం. అమ్మ చీర ఎత్తికట్టి, వెనక తలుపు తీసింది. గోధుమరంగు నీళ్ల మధ్యలో కొండ నిలబడి ఉంది. ఎండ తగిలి టేబుల్‌రోజాలన్నీ ఒక్కసారి విప్పుకున్నాయి. ఎరుపూ పసుపూ తెలుపూ, రాళ్లు కనబడనంత. పైరాయిమీద కస్తూరక్క కోడి దర్జాగా కూర్చుంది. దాని పక్కన పిల్లి. ఇద్దరి మధ్యా రోలు గుంటలో ఒక కప్ప. ముగ్గురూ ఒకర్నొకరు పట్టించుకోకుండా మావైపే చూస్తున్నారు. అమ్మ చాలాసేపు చూసింది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని నాయన కంగారుపడ్డాడు. అమ్మ నవ్వుతోంది. పళ్లు కనబడకుండా నవ్వే మా అమ్మ, తలుపు పట్టుకుని, వంగిపోయి, ఊపిరాడకుండా నవ్వుతోంది. "కోడికి... కోడికి తెలిసింది గదత్తా, ఎక్కడ కూర్చోవాల్నో, మనకి తెలియలా" అంది. అవ్వ మొదలుపెట్టింది, తర్వాత తాత, తర్వాత ఎవరు ఎందుకు నవ్వుతున్నారో ఎవరికీ తెలియలేదు.

నీళ్లలో స్టవ్వు వెలిగించడం కుదరదు. కాబట్టి నాయన కిరసనాయిలు స్టవ్వు తలమీద పెట్టుకుని నీళ్లలో నడిచి, కొండమీద చదునుగా ఉన్న సన్నెకల్లుమీద పెట్టాడు. ఆ పొద్దు ఉప్మా అక్కడే. తలో రాయిమీదా తలొకరం, కాళ్లు నీళ్లకి అందకుండా పైకి ముడుచుకుని, అరిటాకు ముక్కల్లో పొగలుకక్కే ఉప్మా. కస్తూరక్క మోకాలిలోతు నీళ్లలో నిమ్మకాయ ఊరగాయ పట్టుకుని వచ్చి తన రోలుమీద తనే కూర్చుంది. మిగతా ఆడవాళ్లు గోడమీదనుంచి తలలు పెట్టి, మా రాయి మునగలేదు కదా అని అడుగుతున్నారు. నాయన బెదురుతూనే అమ్మని అడిగాడు. "మరి... సిమెంటు సంగతి?"

"తెప్పించండి" అంది అమ్మ. అందరం తినడం ఆపేశాం. "వంటింటి గడప రెండు జానలు ఎత్తు చేయించండి. ఆ తూముకి కొండ పక్కనుంచి దోవ తీయించండి. దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోబాకండి." అందరికీ వడ్డించి, తన ఆకు చేతిలో పట్టుకుని నీళ్లలోనే నిలబడి ఉంది. కూర్చోవడానికి రాయి లేదు. తాతా అవ్వా ఒకే బండమీద ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని చెరోవైపూ జరిగారు. మధ్యలో ఖాళీ అయిన చోటును అవ్వ అరచేత్తో తుడిచి, "రామ్మే, కూర్చో, చల్లారిపోతాది" అంది.